ట్రస్టు పేరు మీద తుపాకీ - ట్రిగ్గరు మీద ఎవరి వేలు?

అమెరికాలో నాలుగేళ్ళు ప్రాజెక్టు చేసి తిరిగొచ్చిన మన సాఫ్ట్‌వేర్ జనాల నోట ఈ మధ్య ఒక వాదన తరచుగా వింటున్నాను. "అక్కడైతే ఒక ట్రస్టు పెట్టుకుని తుపాకులన్నీ దాని పేరు మీద రిజిస్టర్ చేయించుకోవచ్చు బాసూ. ఇంట్లో అందరూ వాడుకోవచ్చు. రేపు మనం పోయినా పిల్లలకి తలనొప్పి ఉండదు. మన దగ్గరేమో ఒక్క లైసెన్సు కోసం కలెక్టరాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి. మనకీ అలాంటి పద్ధతి రావాలి."

వినడానికి భలే ఉంటుంది. పొలం, ఫ్లాటు, కారు, కంపెనీ షేర్లు ట్రస్టులో పెట్టగా లేనిది తుపాకీకి ఏమొచ్చింది అనిపిస్తుంది. నా మటుకు నాకు ఇంతకంటే ప్రమాదకరమైన మాట మరొకటి కనపడలేదు. ఎందుకో చెప్తాను.

ముందు ఆ ట్రస్టు కథేంటో చూద్దాం. 1934లో అమెరికా వాళ్ళు జాతీయ తుపాకుల చట్టం చేశారు. మెషిన్ గన్నులు, గొట్టం పొట్టిగా కోసిన రైఫిళ్ళు, సైలెన్సర్లు, ఇలాంటి వాటికి ఫెడరల్ రిజిస్ట్రేషన్, 200 డాలర్ల పన్ను పెట్టారు. వాటిని ఒక మనిషి పేరు మీద రిజిస్టర్ చేయొచ్చు, కంపెనీ పేరు మీద చేయొచ్చు, ట్రస్టు పేరు మీదా చేయొచ్చు. ఇక్కడే ఉంది కిటుకు. మనిషి పేరు మీద అయితే ఫోటో, వేలిముద్రలు ఇవ్వాలి, ఊళ్ళో పోలీసు పెద్ద సంతకం పెట్టాలి. ట్రస్టుకో కంపెనీకో వేళ్ళుండవు కదా, కాబట్టి వేలిముద్రలూ అక్కర్లేదు! పోలీసు పెద్ద సంతకమూ అక్కర్లేదు. ఇంకేముంది, లాయర్లు "గన్ ట్రస్టు" అని ఒక దుకాణమే తెరిచారు.

ఈ కన్నం ఎప్పుడు పూడ్చారో తెలుసా? 2016 జులై 13న. ఆ రోజు నుంచి ట్రస్టయినా కంపెనీయైనా సరే, దాని వెనకున్న ప్రతి "బాధ్యుడూ" ఫోటో, వేలిముద్రలు ఇవ్వాల్సిందే అన్నారు. (బదులుగా పోలీసు పెద్ద సంతకం ఎత్తేసి, ఆయనకి ఒక కాపీ పంపితే చాలన్నారు. అక్కడి తుపాకుల లాబీ ఊరికే ఒప్పుకుంటుందా మరి.) 2026 జనవరి 1 నుంచి సైలెన్సర్లకీ, పొట్టి గొట్టాలకీ ఆ 200 డాలర్ల పన్ను కూడా సున్నా చేశారు. పన్ను పోయింది గానీ రిజిస్ట్రేషనూ, వేలిముద్రలూ పోలేదు. అంటే తుపాకీని రాజ్యాంగ హక్కుగా చూసుకునే దేశం కూడా చివరికి ఒప్పుకున్న సత్యం ఒకటే: ట్రస్టు తుపాకీ పేల్చదు, మనిషే పేలుస్తాడు.

ఇది మనకి కొత్త సంగతా? ప్రొడక్షన్ డేటాబేసుకి టీమంతా కలిపి ఒకే అడ్మిన్ పాస్‌వర్డు వాడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా! ఒక రాత్రి టేబుల్ ఎగిరిపోతుంది. లాగు తెరిస్తే "అడ్మిన్" అని ఉంటుంది. అడ్మిన్ ఎవరు? పన్నెండు మంది. పన్నెండు మందీ "నేను కాదు" అంటారు, అందులో పదకొండు మంది నిజమే చెప్తారు. ఆ టేబుల్‌నైతే బ్యాకప్ నుంచి తెచ్చుకోవచ్చు. మనిషికి బ్యాకప్ ఉండదు. ఆఫీసులో షేర్డ్ అకౌంటు చూస్తే ఆడిట్ రిపోర్టులో ఎర్ర గీత పెట్టే మనమే, తుపాకీకి షేర్డ్ అకౌంటు కావాలని అడగడం ఏమిటండీ?

సరే, మన దగ్గర ఏముందో చూద్దాం. ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాని కింద ఇప్పుడు నడుస్తున్నవి 2016 నాటి నిబంధనలు. మామూలు తుపాకీకి జిల్లాల్లో కలెక్టరు, హైదరాబాదు లాంటి చోట పోలీసు కమిషనరు లైసెన్సు ఇస్తారు. నిషిద్ధ, పరిమిత కోవలవైతే ఢిల్లీలో హోం శాఖ దాకా పోవాల్సిందే. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకి తగ్గించారు, లైసెన్సు గడువుని మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకి పెంచారు. ప్రతి లైసెన్సుదారుకీ జాతీయ డేటాబేసులో ఒక విశిష్ట సంఖ్య ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ప్రైమరీ కీ అన్నమాట :)

కంపెనీ సంగతి? కంపెనీ నేరం చేస్తే కంపెనీతో పాటు ఆ సమయానికి దాని వ్యవహారం చూస్తున్న మనిషి కూడా నేరస్తుడే అని 33వ సెక్షన్ చెప్తుంది. లైసెన్సుదారు తరఫున తుపాకీ పట్టుకునే మనిషి పేరు కూడా లైసెన్సులో రాయాలి. బ్యాంకు గుమ్మం దగ్గర డబుల్ బ్యారెల్ పట్టుకుని కూర్చునే పెద్దాయన "బ్యాంకు సెక్యూరిటీ" అనే పదం కాదు, పేరూ ఊరూ ఉన్న మనిషి. ఈ ఒక్క విషయంలో మన పాత చట్టం 2016కి ముందటి అమెరికా చట్టం కన్నా తెలివైనది.

"మనం పోతే పిల్లలకి తలనొప్పి" అన్న మాటకీ జవాబుంది. లైసెన్సుదారు చనిపోతే వారసుడు తన పేరున లైసెన్సుకి అర్జీ పెట్టుకోవచ్చు. బతికుండగానే బదలాయించాలన్నా, డెబ్భై ఏళ్ళు నిండాకో, తుపాకీ కొని పాతికేళ్ళు అయ్యాకో, ఏది ముందైతే అప్పుడు అడగొచ్చు. కాకపోతే ఆ వారసుడి మీద మళ్ళీ పోలీసు విచారణ జరుగుతుంది. జరగాలి కూడా. కొడుకు తండ్రి పొలానికి వారసుడు అవుతాడు గానీ, తండ్రి ఓర్పుకి వారసుడు అవుతాడని గ్యారంటీ ఏముంది?

ఇక మా ఊరి వైపు సంగతికొస్తాను. మాది ఏలూరు పక్కన పెదపాడు మండలం. మండలంలో కొంత భాగం 1999లో ప్రకటించిన కొల్లేరు అభయారణ్యంలో ఉంది. ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు. మా వాళ్ళకి కాంటూరు అంటే తెలుసు, 2006లో చెరువు గట్లు పగలగొట్టిన సంగతి తెలుసు, కొల్లేరు 2002లో రామ్‌సార్ జాబితాకెక్కిందనీ కొంతమందికి తెలుసు. కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షన్ గురించి అడిగితే "అలాంటిది ఒకటుందా?" అంటారు. ఉంది. అభయారణ్యంలో గానీ, దానికి పది కిలోమీటర్ల లోపు గానీ నివసిస్తూ ఆయుధ లైసెన్సు ఉన్న ప్రతి మనిషీ అభయారణ్యం ప్రకటించిన మూడు నెలల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర తన పేరు నమోదు చేయించుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఏదైనా సరే, ఆ వార్డెన్ ముందస్తు ఒప్పుదల లేకుండా ఇవ్వకూడదు.

గమనించండి, చట్టం "నివసిస్తూ ఉన్న మనిషి" అంటోంది. ఇప్పుడు మా వైపు గన్ ట్రస్టు వచ్చిందనుకోండి. ట్రస్టు ఎక్కడ నివసిస్తుంది? రిజిస్టర్డ్ ఆఫీసు బంజారా హిల్స్‌లో, ట్రస్టీలు న్యూజెర్సీలో, తుపాకీ మాత్రం కొల్లేటి గట్టు మీద కావలివాడి చేతిలో! ఏ వార్డెను ఎవర్ని నమోదు చేయాలి? ఆటపాకలో గూడబాతు ఒకటి తూటా తగిలి రాలితే కేసు ఎవరి మీద? ఆ కావలివాడి మీదే కదా. నెలజీతానికి గట్టు మీద పడుకునేవాడు జైలుకి పోతాడు, ట్రస్టీలు లాయరుకి ఫోను చేస్తారు. ట్రస్టు పేరు మీద రాయడం అంటే హక్కుని పైకీ, నేరాన్ని కిందకీ తోసేయడం. నా కోపమంతా ఇక్కడే.

దీనికి ఎదురు వచ్చే మాటలు నాకు తెలుసు.

ఒకటి: "చంపేవాడు రిజిస్ట్రేషన్ చేయించుకుని చంపుతాడా?" నిజమే. మా ఏలూరు పక్కన పినకడిమి కక్షల్లో, 2014 సెప్టెంబరు 24న గన్నవరం దగ్గర పెదఅవుటపల్లిలో హైవే మీద ఒకే కుటుంబంలో ముగ్గుర్ని కాల్చి చంపారు. ఢిల్లీ నుంచి కిరాయి మనుషుల్ని తెప్పించారు. వాళ్ళు కలెక్టరాఫీసులో అర్జీ పెట్టి రాలేదు. కానీ దీని నుంచి తేలేదేంటి? తుపాకీ వెనక మనిషిని దాచడమే కిరాయి హత్య పద్ధతి అని. డబ్బిచ్చేవాడు ఒకడు, కాల్చేవాడు ఇంకొకడు. దొంగతనంగా జరిగే ఆ పనికి చట్టమే దగ్గరుండి ఒక ముసుగు కుట్టివ్వాలా?

రెండు: "ఆయుధాల చట్టం బ్రిటిష్‌వాడు మనల్ని అణచడానికి తెచ్చాడు." 1878లో లిట్టన్ తెచ్చిన చట్టం అలాంటిదే. భారతీయుడికి లైసెన్సు, తెల్లవాడికి మినహాయింపు. తప్పే. అయితే ఆ తప్పు అందరి పేర్లూ రాయడంలో లేదు, కొందరి పేర్లు రాయకపోవడంలో ఉంది. ట్రస్టు అడిగేవాళ్ళు కోరుతున్నది సరిగ్గా ఆ మినహాయింపే, ఈసారి తెల్లవాడి బదులు డబ్బున్నవాడికి. అన్నట్టు, 1922లో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్ళిన అల్లూరి సీతారామరాజు, ఏమేం తీసుకెళ్ళాడో లెక్క రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. తిరుగుబాటుదారుడే తన పేరు దాచుకోలేదు, మనకెందుకండీ ముసుగు?

మూడు: "పంట కాపాడుకునే రైతు గతేంటి?" ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న. చట్టంలో పంట రక్షణకి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే దారి 13వ సెక్షన్‌లోనే ఉంది. లైసెన్సు కాదంటే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలని 14వ సెక్షన్, అప్పీలు చేసుకోవచ్చని 18వ సెక్షన్ చెప్తున్నాయి. ఈ దారిలో రైతు చెప్పులరుగుతుంటే పోరాడాల్సింది దానికోసం. చిన్నవాడి దారి బాగు చేయమని అడగడం వేరు, పెద్దవాడికి దొడ్డిదారి తెరవమనడం వేరు.

అమెరికాలో ఉన్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట. హెచ్1బీ, స్టూడెంటు వీసాల మీద ఉన్నవాళ్ళు అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఆ వేట లైసెన్సుని మనవాళ్ళు సరదా కూపన్లా చూస్తున్నారు. 2024 నవంబరులో అట్లాంటాలో చదువుకుంటున్న ఒక తెలుగు కుర్రాడు కొత్తగా కొన్న వేట తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి, తన పుట్టినరోజు నాడే పోయాడు. తుపాకీ చట్టబద్ధమైనంత మాత్రాన తూటా మెత్తబడదు.

కాబట్టి నేను కోరేవి మూడే. మన దేశంలో తుపాకీకి ట్రస్టు అనే తలుపు ఎప్పటికీ తెరవొద్దు. కంపెనీ తుపాకీ అయితే ఏ రోజు ఏ గంటకి ఎవరు తీసుకున్నారో, ఎవరు తిరిగిచ్చారో సంతకంతో రిజిస్టరు ఉండాలి, అందులో కావలివాడి పేరు మీద ఎంత బరువుందో యజమాని పేరు మీదా అంతే బరువుండాలి. కొల్లేరు లాంటి చోట్ల వార్డెను రిజిస్టరూ కలెక్టరు రిజిస్టరూ అదే విశిష్ట సంఖ్యతో కలిపేయాలి. రెండు టేబుళ్ళు, ఒక కీ, ఒక జాయిన్. మనలో ఎవరైనా ఒక వారాంతంలో రాసి పడేసే పని. అది అడగండి. ట్రస్టు కాదు.