చెవిలో ఇలకోడి

మనిషిని వేధించేవాటిలో చెవిలో దూరిన జోరీగను వేమన ఏనాడో లెక్కకు తెచ్చాడు. అయితే దూరిన జోరీగ ఎప్పుడో ఒకప్పుడు బయటికి వచ్చి తీరుతుంది. అసలు దూరనే దూరకుండా లోపల రొద పెట్టే జోరీగ సంగతేమిటి? దూరలేదు గనుక అది పోదు. పక్కవాడికి వినపడదు గనుక ఎవరూ నమ్మరు. ఈ వారం ఆ జోరీగను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

కిందటి కార్తీకంలో ఉదయగిరిలో మా మేనమామ ఇంటికి వెళ్ళాను. ఆయన బడిపంతులుగా పనిచేసి రిటైరై పదేళ్ళు దాటింది. రాత్రి భోజనాలయ్యాక వసారాలో మంచాలు వేసుకొన్నాం. ఎదురుగా చీకట్లో కొండ. వీధిలో కుక్కలు కూడా సద్దుమణిగాయి.

"ఎంత నిశ్శబ్దంగా ఉంది మామా! మా ఆత్మకూరులో రాత్రి పన్నెండయినా లారీల మోత తగ్గదు" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకు నిశ్శబ్దం నాయనా! నా చెవుల్లో ఇలకోళ్ళు సంత చేస్తున్నాయి" అన్నాడు.

మూడేళ్ళుగా ఇదే వరస అట. పగలు సన్నగా ఉంటుంది. రాత్రి పడుకొంటే చాలు, 'కీ' మని మొదలవుతుంది. ఎదుటి కొండ చూపించి, "శ్రీకృష్ణదేవరాయలు ముట్టడి వేసినా 1514లో ఈ దుర్గం ఆయన చేతికి వచ్చింది, ముట్టడి ముగిసింది. నా చెవుల ముట్టడికే ముగింపు లేదురా" అని నవ్వాడు. ఆ నవ్వులో పస లేదు. కాసేపటికి గొంతు తగ్గించి, "అల్లుడూ, ఇది పిచ్చికి మొదలంటావా?" అన్నాడు.

మూడేళ్ళుగా ఆయన ఎవరితోనూ అనలేని మాట అదీ.

పొద్దున్నే మా అత్త తన ఫిర్యాదు విప్పింది. "మీ మామకు ఈ మధ్య ముక్కుమీదే కోపం నాయనా. గుడికి రాడు, నలుగురిలో కూచోడు. ఒకటి అడిగితే ఒకటి చెబుతాడు. పొద్దస్తమానం ఆ చెక్క చెంచాలు చేసేవాళ్ళ అరుగుమీదే కాపురం. ఆ ఆకురాయి గీకుడు ఆయనకు ఏం సంగీతమో మరి!"

ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు పేరున్న సరుకు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొండల్లో దొరికే కర్ర తెచ్చి, కోసి, చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. ఆ గరగర నాబోటివాడికి పళ్ళు జివ్వుమనిపిస్తుంది. మా మామ మాత్రం అక్కడ కునుకు కూడా తీస్తాడట! ఎందుకో ఆ పూట నాకు అర్థం కాలేదు.

మర్నాడు అందరం ఆత్మకూరు మీదుగా సోమశిల వెళ్ళాం. పెన్న నిండుగా ఉంది. ఆనకట్టనుంచి నీళ్ళు వదిలారు. ఆ హోరులో పక్కనున్న మనిషి మాట పక్కవాడికి వినపడటంలేదు. మామ కమ్మి పట్టుకొని నిలబడ్డాడు. ఎంతసేపటికీ కదలడు. దగ్గరకు వెళ్ళి చూస్తే కళ్ళు చెమర్చి ఉన్నాయి. నా చెవి దగ్గర నోరు పెట్టి, "ఆగిందిరా! మూడేళ్ళకు ఇప్పుడు ఆగింది" అన్నాడు.

చెంచాలవాళ్ళ అరుగు రహస్యం అప్పుడు తెలిసింది. బయటి రొద లోపలి రొదను కప్పేస్తున్నది.

ఇంటికి వచ్చాక దీని భోగట్టా కొంత చదివాను. మన పూర్వులకు ఇది కొత్త జబ్బు కాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో చెప్పిన 28 కర్ణరోగాల్లో కర్ణనాదం ఒకటి. ఇంగ్లీషు వైద్యులు టిన్నిటస్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు గణగణ మోగడమని అర్థం. 2022లో ప్రచురించిన ఒక లెక్క ప్రకారం ప్రపంచంలోని పెద్దవాళ్ళలో నూటికి 14 మందికి, అంటే సుమారు 74 కోట్లమందికి ఏదో ఒక మేరకు ఈ మోత ఉంది. వారిలో 12 కోట్లమందికి పైగా దీనివల్ల తీవ్రంగా బాధపడుతున్నారు. ఇంతమందికీ పిచ్చి కాదు గదా!

సంగీతచక్రవర్తి బెథోవెన్ కూడా ఈ సంతలోని మనిషే. రాత్రింబగళ్ళు తన చెవులు హోరెత్తుతున్నాయనీ, ఆ సంగతి బయటపడుతుందన్న భయంతో నలుగురిలోకి వెళ్ళడం మానుకొన్నాననీ 1801లో ఒక డాక్టరు మిత్రుడికి ఉత్తరం రాశాడు. వియన్నా నగరంలో ఆయన ఎందుకు నలుగురిలోకి వెళ్ళలేదో, ఉదయగిరిలో మా మామ గుడికి ఎందుకు వెళ్ళలేదో, రెంటికీ కారణం ఒక్కటే.

అసలు ఈ మోత ఎక్కడనుంచి వస్తుంది? లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగం ఒకటి ఉంది. అందులో సుమారు 15 వేల సున్నితమైన కణాలు ఉంటాయి. వెంట్రుకల్లాంటి కొసలు ఉండటంచేత వాటిని రోమకణాలంటారు. ధ్వనిని నాడీసంకేతంగా మార్చి మెదడుకు పంపేవి అవే. వయసుచేతగాని, మిల్లులూ మైకులూ టపాకాయల మోతవల్లగాని, కొన్ని మందులవల్లగాని అవి చచ్చిపోతే మళ్ళీ మొలవవు. అప్పుడు ఏమవుతుందో తెలిసికోవాలంటే పాత రేడియోను గుర్తు తెచ్చుకోండి. స్టేషను సరిగా అందకపోతే ఏం చేసేవాళ్ళం? చెవి దగ్గర పెట్టుకొని మర బాగా తిప్పేవాళ్ళం. పాట పెరిగేది కాదు, గరగర పెరిగేది. మెదడు చేసే పని కూడా ఇంచుమించు అదేనని శాస్త్రజ్ఞులు అనుకొంటున్నారు. చెవినుంచి రావలసిన కబురు తగ్గేసరికి అది తన మర పెంచుకొంటుంది. ఆ గరగరే ఇలకోడి.

1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు, చెవులు బాగా వినపడే 80 మందిని చడీచప్పుడూ చొరబడని గదిలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టారు. నూటికి 94 మంది ఏవో మోతలు వినిపించాయని చెప్పారు. బయట శబ్దం లేనప్పుడు లోపలి శబ్దం పైకి తేలుతుందన్న మాట. మా మామ మూడేళ్ళుగా చేసిన పొరపాటు ఇదే. మోత తగ్గుతుందని తలుపులు బిగించాడు, ఫాను ఆపాడు, చెవుల్లో దూది పెట్టుకొన్నాడు. అంటే శత్రువుకు తానే దివిటీ పట్టాడు.

సోమశిలలో మాకు తెలిసింది అంతకుముందే మరొకచోట మరొకరికి తెలిసింది. 1970లలో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరంలో ఈ జబ్బుతో బాధపడే ఒక డాక్టరు, జాక్ వెర్నన్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి నడుస్తూ ఒక నీటిఫౌంటెను దగ్గర ఆగి ఇక కదలనన్నాడట. ఆ నీళ్ళ చప్పుడులో చెవిలోని మోత వినపడలేదు. చెవిలో పెట్టుకొనే మృదుధ్వని యంత్రాలను తయారు చేయించాలనే ఆలోచన వెర్నన్‌కు అక్కడే పుట్టిందంటారు. అంతకన్నా ముందు, 1947లోనే, సాల్ట్‌మన్, ఎర్స్‌నర్ అనే వైద్యులు చెవుడున్నవారికి పెట్టే వినికిడి యంత్రమే ఈ మోతకు ఉపశమనం ఇస్తుందని వైద్యపత్రికలో రాశారు.

ఈ సంగతి చెబితే మామ మండిపడ్డాడు. "ఉన్న రొదతోనే చస్తుంటే, ఇంకా రొద పెంచే మిషనా? అయినా నాకు చెవుడేంది? నీ మాట వినపడటంలా?"

నెల్లూరులో చెవి డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్ళాను. ముందు గులిమి ఉన్నదేమో చూశారు, వాడుతున్న మందులేమిటో అడిగారు. తర్వాత వినికిడి పరీక్ష. కాగితంమీద గీత వచ్చింది. బొంగురు స్వరాల దగ్గర సమంగా నడిచి, కీచు స్వరాల దగ్గరకు వచ్చేసరికి ఆ గీత మన ఉదయగిరి కొండ వాలులా దిగజారింది. ఆయనకు వినపడుతున్నది సగం, ఊహించుకొంటున్నది సగం.

నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి గనుక నాకిది బాగా తలకెక్కింది. మన మాటలో అచ్చులకు బలం ఎక్కువ. అవి అంత త్వరగా జారిపోవు. జారిపోయేవి హల్లులు. అందులోనూ స, శ, ష లాంటి ఊష్మాలు, త, ప లాంటి పరుషాలు. వాటి ధ్వని సన్నం, స్థాయి హెచ్చు. అవి పోతే పప్పు అన్నా, తప్పు అన్నా ఒకటే. అత్త "పప్పు వేశాను" అంటే మామ "ఏం తప్పు చేశావు?" అని కళ్ళెర్ర చేసేవాడు. ఆయన కోపంలో సగం ఈ పరుషాలది.

వినికిడి యంత్రం చేసే పని ఇక్కడుంది. అది అన్ని శబ్దాలనూ బండగా పెంచేది కాదు. పరీక్షలో గీత ఎక్కడ దిగిందో అక్కడ మాత్రమే ఎత్తి ఇచ్చేట్లు దాన్ని అమరుస్తారు. పక్షుల కూత, ఆకుల గలగల, గిన్నెల చప్పుడు, మనుమరాలి మాట తిరిగి చెవిన పడతాయి. లోపలి మోత వాటి మధ్య ఒదిగిపోతుంది. వినడానికి పడే ప్రయాస తగ్గడంతో మనసుకు కూడా కొంత తెరిపి.

ఇంతవరకు శుభమే. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇది మోతను మాన్పే మందు కాదు. "నెలలో మాయమవుతుంది" అని చెప్పి ఒక దుకాణంవాడు మా చేత అత్యంత ఖరీదైన జత కొనిపించబోయాడు. పేరెందుకు లెండి. అప్పటిదాకా జరిగిన పరీక్షలు ఎనిమిదింటిని, 590 మంది రోగుల వివరాలతో, కాక్రేన్ సంస్థవారు 2018లో సమీక్షించారు. వినికిడి యంత్రం, మృదుధ్వని యంత్రం, రెండూ కలిసినది, వీటిలో దేన్ని వాడినవారికైనా బాధ తగ్గింది. కాని ఒకటి మరొకదానికన్నా మేలని తేలలేదు. యంత్రంవల్లనే తగ్గిందని గట్టిగా చెప్పడానికీ ఆ ఆధారాలు చాలలేదు. అయినా, వినికిడి తగ్గి, మోత విడవకుండా వేధించేవారికి ఈ యంత్రం పెట్టి చూడమని అమెరికా చెవి వైద్యుల సంఘం 2014లో సిఫారసు చేసింది. వినికిడి ఎటూ బాగుపడుతుంది, మోత తగ్గితే అది లాభం. వినికిడి బాగానే ఉన్నవారికి దారి వేరు. మోతను చూసి బెదిరిపోకుండా మనసుకు నేర్పే చికిత్స, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనేది ఉంది. బాధను తగ్గించడంలో దానికి మంచి పేరు.

ఇంకొక హెచ్చరిక. మోత ఒక్క చెవిలోనే ఉన్నా, నాడిలాగ కొట్టుకొంటున్నా, తల తిరుగుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. ఉన్నట్టుండి వినికిడి పోతే ఆ రోజే వెళ్ళాలి. కాచిన నూనె పోయడం, పుల్లతో కెలకడం వద్దు.

ఇక ఖర్చు సంగతి. మనవాళ్ళకు తెలియని ముచ్చట ఒకటి ఉంది. అరవై దాటిన పేదలకు చేతికర్రలు, చక్రాల కుర్చీలు, కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు, వినికిడి యంత్రాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను కేంద్రప్రభుత్వం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే ప్రారంభించింది. దేశానికంతటికీ దీపం ఇక్కడ వెలిగిందన్న మాట. కాని యంత్రం ఇవ్వడంతో పని తీరదు. మా పడమటి పల్లెల్లో ఇటువంటి యంత్రాలు ట్రంకుపెట్టెల్లో భద్రంగా నిద్రపోతూ ఉండటం నేనెరుగుదును. ఒకదానికి బ్యాటరీ అయిపోయింది. ఒకటి కూతపెడుతున్నదని తీసేశారు. ఇంకొక ముసలమ్మ, "నలుగురూ చెవిటిదంటారు నాయనా" అంది. కళ్ళజోడు పెట్టుకొన్నవాణ్ణి చదువుకొన్నవాడంటాం. చెవికి మిషను పెట్టుకొన్నవాణ్ణి చెవిటివాడంటాం. ఇదెక్కడి న్యాయమో!

మామకు మధ్యరకం జత కొన్నాం. మొదటివారం నరకమన్నాడు. కాగితం తిప్పినా ఉరిమినట్లుందట. డాక్టరుగారు రెండుసార్లు సరిదిద్దారు. పూటకు గంటతో మొదలుపెట్టి మెల్లగా పగలంతా పెట్టుకొనేదాకా వచ్చాడు. రాత్రి తీసేసినప్పుడు ఫాను తిరుగుతుంది, లేదా తలగడ దగ్గర రేడియో సన్నగా పలుకుతుంది. తలుపులు బిగించడం మానేశాడు.

మొన్న వెళ్ళినప్పుడు, "ఇలకోడి పోయిందా మామా?" అని అడిగాను.

"పోలేదురా. ఇన్నాళ్ళూ నట్టింట్లో ఉండేది, ఇప్పుడు వీధి గుమ్మం దగ్గర కూచుంది. ఉంటే ఉండనీ! పిచ్చి మాత్రం కాదుగదా" అన్నాడు. గుళ్ళో సాయంకాలం పురాణం మళ్ళీ తానే చదువుతున్నాడట.

లోపలినుంచి అత్త ఏదో సణిగింది. నాకు వినపడలేదు. మామ మాత్రం టక్కున, "అదేం కాదులే, నేనే వస్తున్నా" అన్నాడు.

అత్త బయటికి వచ్చి ముక్కున వేలేసుకొంది. "ఏం మిషను తెచ్చావు నాయనా! నలభై ఏళ్ళుగా నాలో నేను అనుకొనే మాటలు కూడా ఇప్పుడు ఆయనకు వినపడుతున్నాయి!"

మీ ఇంట్లోనూ నలుగురికీ ఎడంగా కూర్చొని, ఊరికే కోప్పడే పెద్దలెవరైనా ఉంటే, కోపానికి కారణం వెతికేముందు ఒకసారి వారి చెవులేమంటున్నాయో అడిగి చూడండి.