కత్తెర కంటే ముందు కాగితం

తెలుగులో ఆరోగ్య పాడ్‌కాస్టులు చేసే వైద్యులు పెరుగుతుండడం హర్షణీయం. అయితే "ముందు మాట్లాడేద్దాం, తప్పులుంటే ఎడిటింగులో సరిచేసుకోవచ్చు" అనే ధోరణి సరికాదని నా అభిప్రాయం. దానివల్ల కాలం వృథా అవుతుంది. అంతకుమించి, శ్రోతకు హాని కలిగే అవకాశం ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. విరేచనాలైనప్పుడు ఓఆర్ఎస్ పొట్లం దొరకకపోతే, ఒక లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన టీ చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగించవచ్చునని చెబుతాం. 'అర', 'ఆరు' అనే మాటలు చెవికి ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి. ఫ్యాను హోరులో ఒకటి మరొకటిగా వినబడితే? ఉప్పు మోతాదు మించితే పసిబిడ్డ రక్తంలో సోడియం పెరిగి మూర్ఛలు రావచ్చు. అస్పష్టంగా పలికిన మాటను ఏ కత్తెరా స్పష్టం చేయలేదు. ఈ చిక్కును ముందే గుర్తించినవారు 'సగం చెంచా' అంటారు; సమస్య అక్కడితో తీరిపోతుంది.

శస్త్రచికిత్సకు సిద్ధమయ్యే వైద్యబృందం కోతకు ముందే రోగి పేరు, చేయవలసిన చికిత్స, శరీరభాగం సరిచూసుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇందుకు 19 అంశాల పట్టికను రూపొందించింది. మైకు ముందు కూర్చునే వైద్యుడికీ ఒక చిన్న పట్టిక అవసరం.

చెప్పదలచిన మూడు నాలుగు విషయాలను వరుసగా రాసుకోవాలి. మోతాదులు, అంకెలు కాగితంపై ఉండాలి, జ్ఞాపకంపై ఆధారపడరాదు. అతిథికి ప్రశ్నలను ముందురోజే పంపాలి. ఫ్యాను ఆపి, ఫోనును నిశ్శబ్దంలో ఉంచి, మైకుకు జానెడు దూరంలో కూర్చుని, అర నిమిషం రికార్డు చేసి వినాలి. మధ్యలో మాట తడబడితే చప్పట్లు కొట్టి, ఆ వాక్యాన్ని మొదటినుంచి చెప్పాలి. ఆ చప్పుడు గుర్తుగా నిలిచి, తరువాత వెతుకులాట తప్పుతుంది.

ఇంత సన్నాహంతో సహజత్వం పోతుందని కొందరి వాదన. రాసినదంతా చదివితే పోతుంది, నిజమే. కానీ వరుస తెలిసినవాడు నిశ్చింతగా మాట్లాడతాడు. తడుముకునేవాడి మాటలోనే కృత్రిమత్వం చోటుచేసుకుంటుంది.

గంట సంభాషణను పావుగంటకు కుదించేటప్పుడు తొలుత తొలగిపోయేవి 'అయితే', 'ఒకవేళ' అని మొదలయ్యే హెచ్చరికలే. "బిడ్డ మగతగా ఉన్నా, నీళ్లు తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి" అన్న వాక్యం అలా పోకూడదు. అందుకే ఏది తప్పక ఉండాలో రికార్డింగుకు ముందే నిర్ణయించుకోవడం వైద్యుడి బాధ్యత.