ఆటస్థలం మనదే, మరి తాళం చెవి?

విశ్వవిద్యాలయాలకు స్టేడియంలు వద్దని ఎవరూ అనరు. పొద్దున ఆటలు, సాయంత్రం సంగీత కచేరీలు, నడుమ స్నాతకోత్సవాలు ఒకే కప్పు కింద జరిగేలా బహుళ ప్రయోజన ప్రాంగణాలు కట్టడం ఇవాళ్టి పోకడ. అయితే శిలాఫలకం మీద ఎవరి పేరు చెక్కాలో తేల్చే ముందు పాలకులు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ ప్రాంగణంలో దీపాలు వెలిగే వేళకు ఆడపిల్లలు ఎక్కడుంటారు? కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఏళ్లుగా హాస్టళ్లు తిరుగుతున్న నాకు తెలిసిన జవాబు ఒకటే: గేటు లోపల!

బాసర ట్రిపుల్ ఐటీనే తీసుకోండి. 2008లో పుట్టిన ఈ సంస్థలో పదో తరగతి ముగించిన పిల్లలు ఆరేళ్ల చదువుకు చేరతారు. ఇటీవలి ప్రవేశాల్లో అమ్మాయిలే ఎక్కువ. అందులో అత్యధికులు పల్లెల్లోని సర్కారు బడుల నుంచి వచ్చినవాళ్లు. 2022 జూన్‌లో వేలాది విద్యార్థులు ఎండకూ వానకూ ఓర్చి వారం రోజులు బైఠాయించారు. వాళ్లు అడిగింది సరైన తిండి, కనీస వసతులు, రెగ్యులర్ వైస్ ఛాన్సలర్. ఆ పోరాటం తర్వాత, సెప్టెంబరులో అప్పటి మంత్రి కె. తారక రామారావు అక్కడికొచ్చి 3 కోట్లతో మినీ స్టేడియం కట్టిస్తామన్నారు. మంచిదే. కానీ పదిహేనేళ్ల నుంచి ఇరవై ఒకటి దాకా, ఒళ్లు ఎదిగే వయసంతా ఆ ప్రహరీ లోపలే గడిపే ఆడపిల్లలకు ఆ మైదానంలో రోజుకెన్ని గంటలన్న మాట ఏ హామీలోనూ వినబడదు.

నేను చూసిన హాస్టళ్లలో లెక్క ఇట్లా ఉంటుంది. సాయంత్రం దాకా తరగతులు. పొద్దుగూకగానే హాజరు. ఆ నడుమ మిగిలిన కాస్త వెలుగులో మైదానం మగపిల్లల క్రికెట్‌తో నిండిపోతుంది. ఆపైన "మీ ఆడపిల్లలు ఆటలకు రారు కదా" అని మనల్నే నిష్ఠూరమాడతారు. రానివ్వని వాళ్లే రాలేదనడం పితృస్వామ్యానికి పాత అలవాటు! పక్కనున్న నిజామాబాద్ నుంచే నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన కూలీల బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. మన పిల్లల్లో సత్తువ కొరవడలేదు, వాళ్లకు వేళ కొరవడింది.

మనల్ని స్టేడియంలోకి పిలవరా అంటే పిలుస్తారు. 2016 అక్టోబరులో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9 వేలకు పైగా స్త్రీలు ఒక్కసారిగా బతుకమ్మ ఆడితే గిన్నిస్ రికార్డు అన్నారు. పండుగ నాడు మనం శోభ. తెల్లారితే అదే మైదానంలో మనకు చోటు లేదు.

కచేరీల సంగతీ మాట్లాడుకోవాలి. 2023 నవంబర్ 25న కొచ్చిన్ విశ్వవిద్యాలయం ఆరుబయలు ప్రాంగణంలో సంగీత కార్యక్రమానికి వచ్చిన జనం తొక్కిసలాటలో నలుగురు చనిపోయారు. వాళ్లలో విద్యార్థినులూ ఉన్నారు. అక్కడ కొరవడింది ద్వారాలు, మెట్లు, జనాన్ని నడిపే ఏర్పాటు. అయితే ఇలాంటిది జరిగిన ప్రతిసారీ మన దగ్గర తేల్చేది "ఆడపిల్లల్ని పంపకండి" అనే! కట్టడంలోని లోపానికి శిక్ష మాత్రం ఆడపిల్లకు. భద్రత అంటే తాళం కాదు. వెడల్పాటి ద్వారాలు, వీధి దీపాలు, శుభ్రమైన మరుగుదొడ్లు, రాత్రి బస్సు, మహిళా సిబ్బంది.

చట్టం మన పక్షాన ఉంది. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చేసిన చట్టం స్టేడియంలను, క్రీడా ప్రాంగణాలను కూడా పని ప్రదేశాలుగానే లెక్కించింది. విశ్వవిద్యాలయాల కోసం యూజీసీ 2015లో విడిగా నిబంధనలు తెచ్చింది. అయినా 2023లో మల్లయోధులైన స్త్రీలు న్యాయం కోసం ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. దేశానికి పతకాలు తెచ్చినవాళ్లకే ఆ గతి పడితే, బాసరలో కబడ్డీ ఆడే పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? అమెరికాలో 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం, ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థ ఆడపిల్లలపై వివక్ష చూపకూడదంది. దాని ఆసరాతోనే అక్కడి కాలేజీ మైదానాల్లోకి ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో రాగలిగారు. మన డబ్బుతో కట్టే ప్రాంగణాలకు అలాంటి షరతు ఎందుకు ఉండకూడదు?

అందుకే బాసరలోగానీ, కరీంనగర్ శాతవాహనలోగానీ, ఇంకెక్కడైనాగానీ పునాది రాయి కంటే ముందు రాతపూర్వక నియమాలు కావాలని మనం పట్టుబట్టాలి. మైదానంలో సగం వేళలు ఆడపిల్లలవి. ఆటకైనా పాటకైనా స్టేడియం తెరిచి ఉన్నంతసేపూ ఆడపిల్లల హాస్టల్ గేటూ తెరిచే ఉండాలి. అద్దెల కమిటీలో విద్యార్థినులు ఉండాలి. కచేరీల మీద వచ్చే ఆదాయంలో వాటా వాళ్ల క్రీడలకు వెళ్లాలి. ఫిర్యాదుల కమిటీ పేర్లు ద్వారం దగ్గరే తెలుగులో రాసి పెట్టాలి.

ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. ఖర్చయ్యేదల్లా మగ అధికారం. కాబట్టి అడగ్గానే ఇవ్వరు. మన సంఘాలు ఆ హాస్టళ్లకు వెళ్లి, పిల్లలతో కూర్చుని, ఈ డిమాండ్లను వాళ్ల నోటితోనే పలికించాలి. వాళ్ల వెనక మనం నిలబడాలి.