దాచిన మోసం దొంగకే లాభం
అక్కుపల్లి నుంచి పలాస దాకా కొట్టు కొట్టుకీ క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. దాని పక్కన సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 కనిపించడం అరుదు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని, స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇవ్వొద్దని అందరూ చెబుతున్నారు. నా బెంగ వేరు: మోసపోయిన వ్యాపారి నోరు విప్పడు. ఇక్కడి జీడిపప్పు వ్యాపారం నడిచేది మాట మీద, అరువు మీద. సంగతి బయటికి పొక్కితే పరపతి పోతుందని అతని భయం. ఆ మౌనమే దొంగకు కావలసిన గడువు. వెంటనే 1930కి చెబితే సొమ్ము ఖాతాలు మారకముందే బ్యాంకులు ఆపే వీలుంది. తెల్లారనిస్తే అది నాలుగు చేతులు దాటిపోతుంది. ఈలోగా అదే దొంగ పక్క కొట్టుకు ఫోన్ చేస్తాడు. అందుకే పలాస వ్యాపారులంతా కూడి ఒక మాట ఇచ్చుకోవాలి: మోసపోయానని చెప్పినవాడికి అరువు ఆగదు. ముందు ఆ భరోసా, తర్వాతే పాస్‌వర్డుల పాఠాలు.