సగటు మదుపరీ, చలన సగటూ

షేర్ల ధరల పటాలు చూసేవారి నోట తరచు వినబడే మాట మూవింగ్ ఏవరేజి. తెలుగులో దీనిని 'చలన సగటు' అందాం. ఇంతకన్నా మంచి మాట తోచిన మిత్రులు చెబితే సంతోషం. గడచిన 200 రోజుల ముగింపు ధరలను కూడి 200తో భాగించాలి. మర్నాడు అన్నిటికన్నా పాత ధరను తీసివేసి, కొత్తదానిని చేర్చి మళ్ళీ భాగించాలి. ఆ సంఖ్యలను కలుపుతూ పోతే వచ్చే గీతే చలన సగటు. ధర ఆ గీతకు పైన ఉన్నంతకాలం షేరును ఉంచుకో, కిందికి దిగితే వదులుకో అన్నది సూత్రం.

మా మండపేటలో కోళ్ళఫారాలవారికి ఈ ఆలోచన కొత్తది కాదు. గుడ్డు ధర ఒక్కరోజు పెరిగిందని ఎవరూ కొత్త షెడ్డు వేయరు, కొన్ని నెలల వరస చూస్తారు. చలన సగటు చేసే పనీ అంతే. అది జరిగినదాని సారాంశమే గాని జరగబోయేదాని జోస్యం కాదు. దానిని పంచాంగంలా చదవడం మీదనే నా అభ్యంతరం.

సత్యం కంప్యూటర్స్ సంగతి చూడండి. స్థాపకుడు రామలింగరాజు భీమవరం ప్రాంతీయుడు కనుక గోదావరి జిల్లాలవారికి ఆ షేరుపై మమకారం ఉండేది. 2009 జనవరి 7న ఆయన రాసిన లేఖ, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకుంది. ఆ ఒక్కరోజులో షేరు సుమారు 179 రూపాయల నుంచి 40 రూపాయలకు పడిపోయింది. ఆ 139 రూపాయల పతనం 200 రోజుల సగటును ఎంత తగ్గించగలదు? భాగించి చూడండి: సుమారు 70 పైసలు! మదుపరి మునిగిననాడు గీత ఉలకనైనా లేదు.

అయితే గీత పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2008లో ప్రపంచ మార్కెట్లన్నీ కూలాయి. ఆ డిసెంబరు నాటికే సత్యం షేరు తన 200 రోజుల సగటుకు చాలా దిగువన ఉంది. సూత్రం పాటించినవాడు అంతకు ముందే బయటపడి ఉండేవాడు, మోసాన్ని పసిగట్టి మాత్రం కాదు. లెక్కలు సక్రమంగా ఉన్న ఎన్నో సంస్థల షేర్లనూ గీత అప్పుడు వదులుకోమనే చెప్పింది. దానికి దొంగా దొరా తేడా తెలియదు.

2008 డిసెంబరు 16న మేటాస్ సంస్థల కొనుగోలు ప్రకటన వెలువడింది. మదుపరుల ఆగ్రహంతో అది గంటల్లోనే రద్దయింది. మర్నాడు షేరు దాదాపు 30 శాతం పడింది. ఇటువంటి వేళ మనవారు అనే మాట ఒకటుంది: "చవకగా వస్తోంది, ఏవరేజి చేద్దాం." మాట ఒకటే, అర్థాలు మాత్రం ఎదురెదురు. చలన సగటు మార్కెట్టు మాట వినమంటుంది. ఏవరేజి చేయడం మన మమకారం మాట వినమంటుంది. 400కు పది షేర్లు, 200కు మరో పది కొంటే సగటు 300 అయిందని తృప్తిపడతాం. పాత నష్టం అలాగే ఉంది, పందెం మాత్రం పెరిగింది.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం కొలిచే గుర్తుకు ఎగువన వాన ఎక్కడ కురిసిందో తెలియదు. అయినా హెచ్చరిక రాగానే లంకలవారు మూటాముల్లే సర్దుకుంటారు. చలన సగటును అలా వాడుకోవాలన్నది నా అభిప్రాయం. ఏ షేరు కొనాలన్నది సంస్థ లెక్కలు చదివి తేల్చుకోవలసిన విషయం, గీత చెప్పేది కాదు. అయితే ధర గీత కిందికి దిగాక ఇంకా కొనాలని చెయ్యి లాగినప్పుడు, ఆపడానికి అది పనికివస్తుంది. సగటు మదుపరికి ఆ మేలు చిన్నది కాదు.