పాత లాప్‌టాప్ - తొందరపాటు తీర్పు

వస్తువు కొంచెము మొరాయించినంతనే దానిని పారవేయుట నేడు నాగరికతగా చెలామణి అగుచున్నది. ఇది కేవలము సోమరితనమని నా అభిప్రాయము. ఇందుకు నా అనుభవమే నిదర్శనము.

అన్నగారు వాడి విడిచిన లాప్‌టాప్ నాకు సంక్రమించినది. ఉపకారవేతనపు దరఖాస్తుకు గడువు రెండు దినములున్నదనగా దాని ట్రాక్‌ప్యాడ్ అదుపు తప్పినది. వేలు ఒకచోట నుంచగా తెరపై బాణపు గుర్తు మరొకచోటికి గంతులు వేయసాగెను. అమ్మివేసి కొత్తది కొనుమని మిత్రులు సలహా యిచ్చిరి. కొనుటకు ధనమెచ్చటిది?

నాడి చూడనిదే హకీము మందీయడు. నేనును పరీక్షకు పూనుకొంటిని. మొదట సెట్టింగులలో ట్రాక్‌ప్యాడ్‌ను నిలిపివేసి మౌస్ తగిలించితిని. బాణము బుద్ధిగా నడచినది. కావున లోపము ట్రాక్‌ప్యాడ్ వద్దనే యున్నదని తేలినది. పిమ్మట దానిని పొడిగుడ్డతో తుడిచితిని. వేలు తాకినప్పుడు కలుగు కెపాసిటెన్సు మార్పును బట్టియే ట్రాక్‌ప్యాడ్ పనిచేయును గనుక చెమట, జిడ్డు దానిని భ్రమింపజేయును. అయినను ఫలితము లేకపోయెను. చివరకు చార్జరు తీసివేసితిని. గంతులు ఆగిపోయినవి! తగిలించగా మరల మొదలైనవి. మూడు పిన్నుల చార్జరును రెండు పిన్నుల కన్వర్టరుకు తగిలించుటచే ఎర్త్ లేకపోయి, చార్జరులోని విద్యుత్ అలజడి ట్రాక్‌ప్యాడ్‌కు చేరుచుండెను. ఎర్త్ ఉన్న సాకెట్టులో పెట్టినంతనే వ్యాధి కుదిరినది. పైసా ఖర్చు కాలేదు. దరఖాస్తు గడువులోపలనే చేరినది.

అన్ని వ్యాధులకు ఇదే మందని నేననుట లేదు. చార్జరు తీసినను గంతులు ఆగనిచో డ్రైవరు సాఫ్ట్‌వేరును తొలగించి తిరిగి స్థాపింపవలెను. పెన్‌డ్రైవ్ నుండి లినక్స్ నడిపినప్పుడు బాణము సరిగా కదలినచో దోషము సాఫ్ట్‌వేరుదేనని భావింపవచ్చును. ట్రాక్‌ప్యాడ్ పైకి ఉబికి, నొక్కినను దిగనిచో మాత్రము పరీక్షలు కట్టిపెట్టవలెను. దాని క్రింద లిథియం బ్యాటరీ ఉబ్బియుండవచ్చును. దానిని అదిమినను, గ్రుచ్చినను మంటలు లేవగలవు. వెంటనే చార్జింగు మాని, యంత్రమును ఆపి, నిపుణునికి అప్పగింపవలెను. ఇచ్చట పొదుపు ప్రాణాంతకము.

కళాశాల కమిటీవారికి నా మనవి: పఠనమందిరములోని సాకెట్లకు ఎర్త్ ఉన్నదో లేదో పరీక్షింపజేయ ప్రార్థన. పాత కంప్యూటర్లను పనికిరానివని రిజిస్టరులో వ్రాయుటకు ముందు, వానిని పరిశీలించుటకు విద్యార్థులకు వారమున కొక గంట అవకాశము కల్పింపుడు. కొత్తది కొనలేని విద్యార్థి చదువు ఆ పాత యంత్రముపైననే ఆధారపడియున్నది. విచారణ లేని తీర్పు యంత్రము విషయమునను అన్యాయమే.