మూడో అంకె ఎవరి సొత్తు?

మన పాత తెలుగు పుస్తకాల చివర "తప్పొప్పుల పట్టిక" అని ఒక పేజీ ఉండేది. పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు నిలువు గళ్ళు. ఫలానా పుటలో "కలము" అని ఉన్నచోట "కాలము" అని చదువుకోవలెను, అంతే. ఆ పేజీ చూసి ఎవరూ కంగారు పడలేదు. అదే పుస్తకం "సవరించి, పెంచిన ద్వితీయ ముద్రణ" అని అట్టమీద వేసుకుని వస్తే మాత్రం విద్యార్థి కాస్త ఆగేవాడు. పాత నోట్సు దీనికి పనికొస్తుందా, పాఠాలు అటూఇటూ అయ్యాయా అని తిరగేసి చూసి మరీ కొనేవాడు.

సాఫ్ట్‌వేర్ లైబ్రరీలకు వేసే వెర్షన్ అంకెల వెనక ఉన్న మర్యాద కూడా ఇదే. ఒక లైబ్రరీ 2.4.7 అనుకోండి. మొదటి అంకె మారితే మీ పాత ప్రోగ్రాము చెడిపోవచ్చు సుమా అని హెచ్చరిక. రెండోది మారితే కొత్త సదుపాయాలు చేరాయి, పాతవాటికి ఢోకా లేదని. మూడోది మారితే అది కేవలం తప్పొప్పుల పట్టిక, అంటే ప్యాచ్ రిలీజ్. గిట్‌హబ్ సంస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ ఈ సంప్రదాయాన్ని "సెమాంటిక్ వెర్షనింగ్" పేరుతో నియమావళిగా రాసిపెట్టారు. ఇప్పుడు అందరూ చెప్పుకునే 2.0.0 నియమావళి 2013లో వచ్చింది. (అన్నట్టు, ఇవి దశాంశ భిన్నాలు కావు. 1.9 తర్వాత వచ్చేది 1.10. 2021లో పైథాన్ 3.10 వచ్చినప్పుడు దాన్ని 3.1 అని చదువుకుని తికమకపడ్డ ప్రోగ్రాములు కూడా ఉన్నాయి!)

నియమం ఇంత తేలిగ్గా ఉంటే మరి గొడవెక్కడ? "చిన్న మార్పే కదా, చివరి అంకె పెంచేస్తే పోలా?" అనే మాట దగ్గర. చిన్నదని ఎవరు తేల్చాలి? ఒక లైబ్రరీలోని ఫంక్షను మార్కుల జాబితాను ఎక్కువ నుంచి తక్కువకు పేర్చి ఇస్తూ ఉందనుకుందాం. పేర్చి ఇస్తానని అది ఎక్కడా ఒప్పుకోలేదు, కాని ఏళ్ళ తరబడి అలాగే ఇస్తోంది. రాసినాయన ఒకరోజు "ఈ పేర్చడం దండగ, తీసేస్తే వేగం పెరుగుతుంది" అనుకుని ఒక్క లైను కొట్టేశాడు. ఆయన లెక్కన అది ఒక్క లైను. దాన్ని నమ్ముకుని ర్యాంకులు అచ్చువేసే కాలేజీ లెక్కన, ఎనభయ్యో వాడు ఫస్టు ర్యాంకరు! ఇంకొకాయన రెండువేల లైన్లు లోపల్లోపలే తిరగరాసి, బయటికి ఇచ్చే ఫలితంలో పిసరంత తేడా రానివ్వకపోతే, తప్పులు దిద్దడానికే రాశాడు గనక ఆయన నిస్సంకోచంగా మూడో అంకె పెంచుకోవచ్చు. ఎంచేతనంటే ఇక్కడ కొలవాల్సింది వాడుకునేవాడికి తగిలే దెబ్బను. రాసినవాడు పడ్డ శ్రమకు ఈ అంకెతో సంబంధం లేదు.

ఇది వట్టి మర్యాద సమస్య అయితే ఇంత రాయనక్కరలేదు. మూడో అంకెను మనుషులు చదవడం మానేశారు, యంత్రాలు చదువుతున్నాయి. జావాస్క్రిప్ట్ వాళ్ళ ఎన్‌పీఎంలో ఒక లైబ్రరీని తెచ్చుకుంటే, దాని అంకె ముందు చిన్న టోపీ గుర్తు దానంతట అదే పడుతుంది. మొదటి అంకె మారనంతవరకు కొత్తది ఏదొచ్చినా తీసుకోవచ్చని దాని అర్థం. అంటే మనం ఆ గుమ్మానికి తలుపు తీసే ఉంచామన్నమాట.

ఈ సంగతి దొంగలకూ తెలుసు. ఈవెంట్-స్ట్రీమ్ అని ఎందరో వాడుకునే లైబ్రరీ ఒకటుంది. దాన్ని ఊరికే, జీతంబత్తెం లేకుండా చూసుకుంటున్నాయన ఇక చూడలేక 2018లో సాయం చేస్తానన్న ఒక అపరిచితుడికి అప్పగించాడు. ఆ వచ్చినవాడు 3.3.6 అని ఒక ప్యాచ్ రిలీజ్ చేశాడు. దానిలో ఇంకో చిన్న లైబ్రరీ వచ్చి చేరింది. కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్ నుంచి సొమ్ము కాజేసే సరుకు ఆ చిన్నదాని లోపలే వచ్చింది. నవంబరులో బయటపడేదాకా నెలల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు. ఇంకా విచిత్రం, ఆ తర్వాత వాడే వేసిన 4.0.0లో ఆ సరుకు లేదు! మొదటి అంకె మారితే జనం ఆగి చూస్తారని వాడికి తెలుసు. మూడో అంకెను ఎవడూ చూడడనీ తెలుసు.

"అయితే మూడో అంకెను కూడా నమ్మొద్దు, ఉన్న వెర్షన్‌ను ఉన్నట్టే బిగించి కూర్చుందాం" అనే మిత్రులు మన హాస్టల్లోనే ఉన్నారు. రేపు వైవా అనగా ఇవాళ రాత్రి బిగించుకోవడం మంచిదే, కాదనను. ఏళ్ళ తరబడి అలాగే కూర్చుంటే ఏమవుతుందో 2021 డిసెంబరులో లాగ్4జే చూపించింది. జావా ప్రోగ్రాముల్లో చిట్టా రాసిపెట్టే ఆ లైబ్రరీలో, బయటివాడు ఒక ముక్క రాసి పంపితే చాలు, సర్వర్ మీద వాడి ప్రోగ్రామే నడిచేంత కంత ఒకటి బయటపడింది. 2.15.0 వచ్చింది, అది చాలలేదు. 2.16.0, 2.17.0, 2.17.1 అంటూ ఆ నెలలోనే వరసగా వచ్చాయి. నాకు మెచ్చుకోవాలనిపించింది ఇంకొకటి. ఇంకా జావా 7 మీదే ఉన్నవాళ్ళకు 2.12.2, జావా 6 వాళ్ళకు 2.3.1 కూడా ఇచ్చారు. ఇల్లు మారమనకుండా ఉన్నింటికే వచ్చి వైద్యం చేసిపోయారు. మూడో అంకె ఉన్నది ఇందుకు! దాన్ని పనికిమాలిన మార్పులతో నింపి జనం నమ్మకం పోగొడితే, ఇలాంటి మందు వచ్చిన రోజున కూడా ఎవరూ పుచ్చుకోరు.

అంకెలకు బదులు తేదీలు వేయమనే వాదమూ ఉంది. ఉబుంటు వాళ్ళు 2004 అక్టోబరులో 4.10తో మొదలుపెట్టి నేటికీ అదే పద్ధతిలో నడుపుతున్నారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అది బాగానే ఉంటుంది. లైబ్రరీకి పుట్టినరోజు తెలిస్తే నాకేం ఒరిగింది, నా ప్రోగ్రాము నిలుస్తుందో లేదో చెప్పాలి గాని.

ఎంత జాగ్రత్తపడినా తప్పు దిద్దితేనే ఎవరిదో ఒకరి ప్రోగ్రాము కూలుతుందనే మాటలో నిజముంది. ఆ తప్పునే నమ్ముకుని బతికేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అందుకే అంకెతోపాటు "ఏమి మారింది" అన్న నాలుగు వాక్యాలు ఉండి తీరాలి. "కొన్ని సవరణలు" అని రాసి చేతులు దులుపుకోవడం చూస్తే ఒళ్ళు మండుతుంది. టెక్స్ రాసిన డొనాల్డ్ క్నూత్ తప్పు పట్టిచ్చిన ప్రతివారికి 2 డాలర్ల 56 సెంట్లకు చెక్కు రాసిస్తూ, దిద్దిన ప్రతి తప్పుకూ లెక్క అచ్చువేశారు. ఆయన వెర్షన్ అంకెలు పై విలువకు ఒక్కో స్థానం దగ్గరవుతూ 2021లో 3.141592653కు చేరాయి.

మన కాలేజీలో మొదటి ఏడు నుంచే ప్రోగ్రాములు రాయిస్తున్నారు, సంతోషం. వాటిని బయటికి ఎలా వదలాలో మాత్రం ఏ పేపర్లోనూ లేదు. ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టులో కృతజ్ఞతలకు రెండు పేజీలు పోతున్నాయి. వాడిన లైబ్రరీలు, వాటి మూడు అంకెలు, మధ్యలో ఏది ఎందుకు మార్చారు అన్న ఒక పేజీని కూడా తప్పనిసరి చేయమని యూనియన్ తరఫున డిపార్టుమెంటును అడగాలి. వచ్చే ఏడాది జూనియర్లు ఆ ప్రాజెక్టును తెరిచి నడపబోయినప్పుడు మొదట వెతికేది ఆ పేజీనే.